పదిహేడో పాఠం, ఆరో నిమిషం

డ్రైవింగ్ మాస్టారి నడుము నొప్పికి ఆ వారంతో రెండేళ్లు నిండాయి. ఆ నడుములో నొప్పి అనేదే లేదన్న సంగతి మాత్రం ఆయనకొక్కరికే తెలుసు.

మాస్టారి భార్య మందుల షాపులో కౌంటరు దగ్గర పని చేస్తుంది. మార్కెట్లోకి కొత్త ఆయింట్‌మెంట్ రావడం ఆలస్యం, అది మాస్టారి నడుం మీదికి చేరిపోతుంది. రోజూ సాయంత్రం ఏడింటికి ఆయన బోర్లా పడుకుంటారు. ఆవిడ పక్కన కూర్చుని బొటనవేలితో నొక్కి నొక్కి రాస్తుంది. ఆయన తగినచోట "అబ్బా" అని, తగినచోట "అమ్మయ్యా" అని అంటుంటారు. అబద్ధమాడటం ఎవరికైనా చేతనవుతుంది. దాన్ని రోజూ వేళకి బోర్లా పడుకుని ఆడటమే కష్టం. ఆ కష్టం రెండేళ్లుగా పడుతూ వచ్చారు మాస్టారు.

అసలు జరిగింది చాలా చిన్న విషయం. ఇరవై ఆరేళ్లు ఊళ్లో సగంమందికి స్టీరింగు పట్టుకోవడం నేర్పిన మనిషి, ఒక వానరోజు పొద్దున ఒక్కరే కారులో వస్తున్నారు. రోడ్డు పక్కన ఆగి ఉన్న లారీ తలుపు హఠాత్తుగా తెరుచుకుంది. మాస్టారు బ్రేకు తొక్కారు. కారు తడి రోడ్డు మీద పక్కకి జారి, బస్‌స్టాపులో నిలబడ్డ ఆరుగురి ముందు ఆగింది. ఒక్కరికీ దెబ్బ తగల్లేదు. కారు మీద గీత కూడా పడలేదు. ఆ ఆరుగురిలో నలుగురు ఫోన్లలోంచి తలైనా ఎత్తలేదు. కానీ మాస్టారి కాలు బ్రేకు మీద నుంచి లేవలేదు. ఇరవై నిమిషాలు అలాగే కూర్చుండిపోయారు. ఆ తర్వాత మళ్లీ ఆ సీట్లో కూర్చోలేదు.

కొన్ని నెలలు పక్క సీటుతో నెట్టుకొచ్చారు. నేర్చుకునేవాళ్లు ఎలాగూ వాళ్లే తోలతారు, మాస్టారి సీటు పక్కనే, కాళ్ల దగ్గర ఇంకో బ్రేకు ఉంటుంది. సాయంత్రం బస్సెక్కి ఇంటికొస్తే అడిగేవాడు లేడు. ఆ నెలల్లోనే కూతురు కారులో అద్దం కింద కెమెరా బిగించి, పాఠాలన్నీ రికార్డు చేయించి, 'ముప్ఫై రోజుల్లో డ్రైవింగ్' అని ఆన్‌లైన్లో అమ్మకానికి పెట్టింది. అంతలో స్కూలు యజమాని, "మాస్టారూ, షోరూముకెళ్లి కొత్త కారు తోలుకొచ్చేయండి" అన్నాడు. మాస్టారు అక్కడికక్కడే నడుం పట్టుకున్నారు. ఆ పట్టుకున్న నడుమే ఇది, దాంతోనే ఉద్యోగమూ మానేశారు.

కోర్సు మొదటి ఏడాది బాగానే పోయింది. తర్వాత డ్రైవింగు ఉచితంగా నేర్పే వీడియోలు పుట్టగొడుగుల్లా పుట్టుకొచ్చాయి, కొనేవాళ్లు పల్చబడ్డారు. సరిగ్గా అప్పుడే బావమరిది వ్యాను కొన్నాడు.

మాస్టారి బావమరిది మంచివాడే. సాయం చేస్తానని మొదలుపెడితే ఆపడం ఎవరి తరమూ కాదన్నదొక్కటే అతనిలోని లోపం. ఇంటింటికీ మంచినీళ్ల డబ్బాలు వేసే వ్యాపారం అతనిది.

"బావా, నువ్వు ఖాళీగా కూర్చుంటే నాకు నిద్ర పట్టట్లేదు. సోమవారం నుంచి వ్యాను నువ్వే తోలాలి. డబ్బాలు మోయడానికి వేరే మనిషున్నాడు. నీ నడుం కోసం సీటుకి ప్రత్యేకంగా మెత్త కుట్టించా!"

మాస్టారు ఒక అడుగు వెనక్కి వేశారు. "ఒక్క వారం ఆగరా. కొత్త కోర్సు ఒకటి అనుకుంటున్నా" అన్నారు.

"ఏం కోర్సు?"

"అదే, అనుకుంటున్నా."

భార్య మధ్యలోకి వచ్చింది. "ఆదివారం సాయంత్రం దాకా అనుకోండి. తట్టిందా, సంతోషం. తట్టలేదా, సోమవారం పొద్దున వ్యాను. ఇంట్లో కూర్చుని గోడలు చూస్తుంటే నడుం నొప్పి ఇంకా ముదురుతుంది."

అలా ఆ వారం మాస్టారి పీకల మీదికొచ్చింది. ఐడియా దొరక్కపోతే ఆ సీట్లో కూర్చోవాలి. కూర్చుంటే కాలు బిగుసుకుపోతుంది. రెండేళ్ల అబద్ధం బావమరిది ఎదుట, వీధి మధ్యలో బయటపడుతుంది. ఇరవై ఆరేళ్లు నేర్పినవాడికి బండి తోలాలంటే భయమట అని ఊరంతా చెప్పుకుంటుంది. మాస్టారికి చావంటే కూడా అంత భయం లేదు.

ఆ మాట అనుకున్న సోమవారం నాడే గీతల నోట్‌బుక్కు ఒకటి కొని వంటింటి బల్ల దగ్గర కూర్చున్నారు. బుధవారానికల్లా పదకొండు పేజీలు నింపారు. కాలేజీ నుంచి వచ్చిన కూతురు ఎర్ర పెన్ను పట్టుకుని ఎదురుగా కూర్చుంది.

"'కారు కడిగే విధానం'. నాన్నా, బకెట్టు, గుడ్డ. దీనికి కోర్సెందుకు?"

"కొట్టెయ్."

"'సెకండ్‌హ్యాండ్ కారు కొనేముందు చూడాల్సిన నూట ఒక్క విషయాలు'. ఇవి ఇప్పటికే బోలెడున్నాయి. ఒకదాంట్లో రెండొందల విషయాలున్నాయి."

"అయితే మనం మూడొందలు చెబుదాం."

"'ట్రాఫిక్ గుర్తులు, వాటి చరిత్ర'." కూతురు తలెత్తి చూసింది. మాస్టారే పెన్ను లాక్కుని దాన్ని కొట్టేశారు.

"చూడు నాన్నా, నువ్వు నీకు తెలిసింది రాస్తున్నావు. జనానికి నీకేం తెలుసన్నది అనవసరం. వాళ్లు దేని గురించి పదే పదే అడుగుతున్నారో పట్టుకోవాలి. ఆ ప్రశ్నకి జవాబు అమ్మాలి. అంతే."

"మా షాపులో అందరూ పదే పదే అడిగేది ఒకటే" అంది భార్య, బియ్యం కడుగుతూ. "ఇది తిన్నాక వేసుకోవాలా, తినకముందా? అది రాయండి, జనం ఎగబడి కొంటారు."

"అది డాక్టరు రాయాలమ్మా."

"డాక్టరు రాసింది అర్థంకాకే కదే నన్నడుగుతున్నారు!"

గురువారం మాస్టారు పాత కోర్సు మీద ఈమెయిల్లో వచ్చిన ఫిర్యాదులు తిరగేశారు. వాటిలోనైనా ఐడియా దొరక్కపోతుందా అని ఆశ. ఎక్కువమంది ఒకటే రాశారు: పదహారో పాఠంలో రోడ్డు మీదున్న కారు ఉన్నట్టుండి మంత్రం వేసినట్టు పార్కింగులో ప్రత్యక్షమవుతోంది, మధ్యలో ఏం తిప్పారో చూపించలేదు అని. కంప్యూటరు ఏదో మింగేసి ఉంటుందనుకుని వదిలేశారు. శుక్రవారం, శనివారం గోడలు చూశారు. ఆకలి చచ్చిపోయింది. భార్య రెండు పూటలు ఆయింట్‌మెంట్ రాసింది.

ఆదివారం మధ్యాహ్నానికే బావమరిది వచ్చేశాడు. వ్యాను కింద పార్కింగులో పెట్టి, తాళం చెవిని బల్ల మీద టక్కున పెట్టి, "ఏం బావా, తట్టిందా?" అన్నాడు. తట్టకూడదని మొక్కుకుని వచ్చినట్టు వెలిగిపోతోంది మొహం. భార్య లోపల చారు పొంగకుండా చూస్తోంది. మాస్టారు ఆ తాళం చెవి వైపు చూడకుండా, "ఇంకా సాయంత్రం కాలేదురా" అన్నారు.

అప్పుడే కూతురు గదిలోంచి లాప్‌టాప్ పట్టుకుని వచ్చింది. కళ్లు పెద్దవి చేసుకుని ఉంది.

"నాన్నా, పాత కోర్సుని ఎవరు ఎంతసేపు చూశారో లెక్కలు తీశాను. ఏ పాఠం నచ్చిందో తెలిస్తే కొత్తది తేలికవుతుంది కదా అని. ఇది చూడు."

తెర మీద ముప్ఫై పాఠాలకి ముప్ఫై నిలువు గీతలున్నాయి. మొదటి నాలుగూ కాస్త పొడుగ్గా, తర్వాతవన్నీ పొట్టిగా ఉన్నాయి. పదిహేడు దగ్గర మాత్రం గీత తెర పైఅంచు దాకా లేచింది.

"మూడొందలమంది కొన్నారు. ఈ ఒక్క పాఠాన్ని ఆరు వేల సార్లు చూశారు! అదీ మొత్తం కాదు, ఆరో నిమిషం నుంచి తొమ్మిదో నిమిషం దాకానే. అక్కడికెళ్లడం, చూడటం, మళ్లీ వెనక్కి తిప్పుకోవడం. ఏముంది నాన్నా అందులో?"

"ఎత్తు మీద ఆగిన బండి వెనక్కి జారకుండా ముందుకి తీయడం" అన్నారు మాస్టారు. "అది అందరికీ కష్టమే."

"అయితే దాని మీదే కోర్సు చేసేద్దాం!" అంది కూతురు. మాస్టారికి నెత్తిన పాలు పోసినట్టయింది. బావమరిది మొహం కొంచెం వాడింది. కూతురు ఆరో నిమిషానికి లాగి, ప్లే నొక్కింది.

తెర మీద స్టీరింగు వెనక ఒక నడివయసు ఆవిడ కనిపించింది. బట్టలు కుట్టే ఆవిడ, మెళ్లో కొలత టేపు అలాగే ఉంది. సిగ్నల్ దగ్గర ఎత్తు మీద కారు ఆగిపోయింది. వెనక హారన్లు చెవులు చిల్లులు పడేలా మోగుతున్నాయి. ఆవిడ ఏడుస్తోంది.

ఆ టేపు చూడగానే మాస్టారికి అంతా గుర్తొచ్చింది. పాఠాలు రికార్డయ్యాక ఎక్కడ నుంచి ఎక్కడిదాకా తీసేయాలో ఆయన చీటీల మీద రాసిచ్చేవారు. కూతురు ఆ చీటీ చూసి, బొమ్మ చూడకుండానే నిమిషాల లెక్క ప్రకారం కత్తిరించేది. ఈ ముక్కకి ఆయన చీటీ రాశారు. బాగా గుర్తుంది. 'ఆరు నుంచి తొమ్మిది, మొత్తం తీసేయాలి'. పాఠం నంబరు దగ్గర పదిహేడుకి బదులు పదహారు వేసినట్టున్నారు. పదహారో పాఠంలో కారు ఎందుకు ప్రత్యక్షమైందో ఇప్పుడర్థమైంది.

"చాల్లే, ఆపు" అన్నారు.

"ఆగు నాన్నా, అసలు విషయం ఇప్పుడే."

"ఆపమంటున్నానా!"

"ఎందుకట అంత కంగారు?" అంటూ భార్య గరిటెతో సహా వచ్చి వెనక నిలబడింది.

తెర మీద మాస్టారి గొంతు వినిపించింది. పక్క సీట్లోంచి, మెల్లగా: "హారన్ కొట్టనివ్వండి. అది వాళ్ల తొందర, మీది కాదు. చేతులు వణుకుతున్నాయా? వణకనివ్వండి. వణికే చేతికి కూడా గేరు పడుతుంది."

"మీకేం మాస్టారూ, మీకు భయమంటే తెలీదు" అంది ఆవిడ, ముక్కు తుడుచుకుంటూ.

తర్వాత మాస్టారి గొంతు: "ఒక మాట చెబుతాను, ఎవరితోనూ అనకండి. మీరు కూర్చున్న సీట్లో నేను కూర్చుని మూడు నెలలైంది. ఒకరోజు బండి జారింది. అప్పట్నుంచి తాళం చెవి చూస్తేనే కాలు బిగుసుకుపోతోంది. రోజూ బస్సులో ఇంటికెళ్తున్నాను. మా ఇంట్లోవాళ్లకి కూడా తెలీదు. కాబట్టి ఈ కారులో భయపడేది మీరొక్కరే కాదు. ఇద్దరం ఉన్నాం. ఇప్పుడు క్లచ్ తొక్కండి."

ఆవిడ నవ్వేసింది. క్లచ్ తొక్కింది. కారు వెనక్కి జారకుండా ముందుకి కదిలింది.

కూతురు పాఠం ఆపింది. వంటింట్లో చారు పొంగుతున్న సంగతి ఎవరికీ పట్టలేదు. మాస్టారు బల్ల మీది చెక్క గీతలు చూస్తున్నారు. ఎవరితోనూ అనకండి అని చెప్పిన మాటని, రెండేళ్లుగా మూడొందల మందికి వినిపిస్తున్నారన్న మాట.

ముందు భార్య తేరుకుంది.

"అంటే నడుం నొప్పి?"

మాస్టారు తల అడ్డంగా ఊపారు.

"లేదా?"

"లేదు."

"ఎప్పుడూ?"

"ఎప్పుడూ లేదు."

"రెండేళ్లు!" ఆవిడ గరిటె బల్ల మీద పెట్టింది. "రెండేళ్లు రాశానయ్యా బాబూ! వేలు అరిగిపోయింది నాకు. పనిలో పది గంటలు నిలబడి వచ్చి, నా నడుం లాగేస్తున్నా మీ నడుముకి రాశాను. షాపులో అందరికీ మీ నడుం గురించి తెలుసు. మా ఓనరు పొద్దున్నే 'మాస్టారి నడుం ఎలా ఉంది?' అనే పలకరిస్తాడు. రేపు నేనేం చెప్పాలి ఆయనకి?"

"తగ్గిందని చెప్పు" అన్నారు మాస్టారు, నేల చూపులు చూస్తూ.

బావమరిది నవ్వాపుకోలేక దగ్గాడు. "నువ్వూరుకో" అంది అక్క. కుర్చీ లాక్కుని మొగుడి ఎదురుగా కూర్చుంది. గొంతు తగ్గించి, "ఎవరికైనా దెబ్బ తగిలిందా?" అని అడిగింది.

"లేదు. అదే కదా. ఎవరికీ ఏమీ కాలేదు. ఏదైనా అయ్యుంటే ఆ రోజే చెప్పుకునేవాణ్ణి. ఏమీ కానిదానికి ఇంత భయమేమిటని నాకే సిగ్గేసింది."

ఆ తర్వాత వాన, లారీ తలుపు, బస్‌స్టాపులో ఆరుగురు, లేవని కాలు, అన్నీ మొదట్నుంచి చెప్పుకొచ్చారు. చెబుతుంటే ఆయనకే ఆశ్చర్యమేసింది. రెండేళ్లు దాచినది చెప్పడానికి నాలుగు నిమిషాలు పట్టింది. ఇల్లు కూలలేదు. బావమరిది ఎగతాళి చేయలేదు. గుండె మీంచి ఎవరో బండ దించి పక్కన పెట్టినట్టు ఊపిరి అడుగుదాకా వెళ్లింది. ఈ సాయంత్రం ఏడింటికి బోర్లా పడుకోనక్కర్లేదు అన్న ఆలోచన రాగానే మాస్టారికి కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

"హమ్మయ్య" అన్నారు.

"హమ్మయ్యా లేదు, గిమ్మయ్యా లేదు. చెప్పి ఉంటే ఆ ఆయింట్‌మెంటు నేనైనా రాసుకునేదాన్ని" అంది భార్య. కానీ చెయ్యి మాత్రం ఆయన మోచేతి మీద వేసి, తియ్యలేదు.

"అదంతా సరే బావా" అన్నాడు బావమరిది, తాళం చెవి వైపు దిగులుగా చూస్తూ, "రేపు వ్యాను ఎవరు తోలతారు?"

"నువ్వే" అంది అక్క.

ఈ గొడవలో కూతురిని ఎవరూ పట్టించుకోలేదు. ఆ పిల్ల, పదిహేడో పాఠం కింద జనం రాసిన, ఇన్నాళ్లూ ఇంట్లో ఎవరూ తెరిచి చూడని మాటలు చదువుకుంటూ ఉంది. ఉన్నట్టుండి, "నాన్నా, ఇవి వినాలి నువ్వు" అని పైకి చదవడం మొదలుపెట్టింది.

"'నాకు లైసెన్సు వచ్చి తొమ్మిదేళ్లు. కారు మీద కవరు తీసి నాలుగేళ్లు. మాస్టారి మాట విన్నాక నిన్న కవరు తీశాను.' ఇంకొకరు, 'రోజూ ఆఫీసుకి బయల్దేరే ముందు ఈ ఆరో నిమిషం చూసి, తాళం తిప్పుతాను.' ఇంకొకరు, 'మా ఆయన నన్ను పిరికిదాన్ని అంటాడు. ఈ మాస్టారు మాత్రం ఇద్దరం ఉన్నాం అన్నారు.' నాన్నా, వీళ్లెవరికీ డ్రైవింగు నేర్పక్కర్లేదు. వీళ్లందరికీ వచ్చు. లైసెన్సు ఉంది, భయమూ ఉంది. వీళ్ల కోసం ఎవరూ ఏమీ చేయలేదు. వెతికాను, ఒక్కటంటే ఒక్కటి లేదు."

మాస్టారు లాప్‌టాప్ తన వైపు తిప్పుకున్నారు. పేరు తెలియని మనుషులు, పేజీలకి పేజీలు. పిరికివాడంటే పిరికివాడని ఒక్కరూ రాయలేదు.

"పదే పదే అడిగేది పట్టుకోవాలన్నాను కదా" అంది కూతురు. "ఇక్కడ ఒకే ప్రశ్న నూట పన్నెండుమంది అడిగారు. ఇదిగో."

తెర మీద వేలు పెట్టి చూపించింది. *మాస్టారూ, మీరు మళ్లీ ఆ సీట్లో కూర్చున్నారా?*

మాస్టారు తెర కిందికి జరుపుతూ పోయారు. అడిగినవాళ్లలో కొందరు రెండోసారి కూడా అడిగారు. ఒకావిడ ఏడాదిన్నరగా నెలకోసారి వచ్చి అడిగి వెళ్తోంది. జవాబు లేని ప్రశ్నని అన్నాళ్లు పట్టుకు వేలాడారంటే వాళ్లకి అది ఎంత అవసరమో మాస్టారికి తెలుసు.

"మొదటి పాఠం ఏమిటి నాన్నా?" అని అడిగింది కూతురు, నోట్‌బుక్కు పన్నెండో పేజీ తెరిచి.

మాస్టారు బల్ల మీదికి చెయ్యి చాచి తాళం చెవి అందుకున్నారు. చల్లగా ఉంది. కాలు బిగుసుకుంది, తెలుస్తూనే ఉంది. అయినా చెవిని కింద పెట్టలేదు.

"ఇంజను ఆన్ చేయకూడదు" అన్నారు. "ఊరికే కూర్చోవాలి. పది నిమిషాలు. అంతే పాఠం."

"ఒరేయ్, ఇవాళ వ్యాను ఇక్కడే ఉంచు" అంది భార్య తమ్ముడితో. "పొద్దున ఏడింటికి పది నిమిషాలు వాడుకుని ఇచ్చేస్తాం." తర్వాత పొంగిపోయిన చారు సంగతి గుర్తొచ్చి లోపలికి పరిగెత్తింది.

మర్నాడు పొద్దున కింద పార్కింగులో నలుగురూ చేరారు. స్తంభాల మధ్య ఎండ ఇంకా పూర్తిగా పడలేదు. ఎవరో పైఅంతస్తు నుంచి బకెట్టు నీళ్లు గుమ్మరించిన చప్పుడు. మాస్టారు వ్యాను తలుపు తెరిచి, ఒక్క క్షణం ఆగి, ఎక్కి కూర్చున్నారు. కుడికాలు వెళ్లి బ్రేకు మీద బిగుసుకుంది. నడుం వెనక బావమరిది కుట్టించిన మెత్త ఉంది. భార్య ఇటువైపు నుంచి ఎక్కి పక్క సీట్లో సర్దుకుంది. పాఠాలు చెబుతూ ఇన్నేళ్లూ ఆయన కూర్చున్నది ఆ పక్క సీట్లోనే.

"మొదలెట్టు" అన్నారు. కూతురు ఫోను పట్టుకుంది.

"అందరికీ నమస్కారం. చాలామంది ఒక ప్రశ్న అడిగారు. జవాబు ఆలస్యమైంది, క్షమించాలి. కూర్చున్నాను. ఇప్పుడే, మీరు చూస్తుండగానే." రెండు చేతులూ కెమెరా ముందుకి చాపారు. బాగా వణుకుతున్నాయి. "చూశారుగా. వణకనిద్దాం. పది నిమిషాలు మీరూ నేనూ ఊరికే కూర్చుందాం."

కూర్చున్నారు. మూడో నిమిషానికి చెమట పట్టింది. ఐదో నిమిషంలో భార్య చీర కొంగుతో ఆయన మెడ తుడిచింది. ఏడో నిమిషంలో వ్యాను కోసం బయట కాచుకున్న బావమరిది, ఆలస్యమవుతోందన్నట్టు వాచీ చూపించబోయి, అక్క చూపు చూసి చెయ్యి జేబులో పెట్టుకున్నాడు. ఎనిమిదో నిమిషంలో మాస్టారి కుడికాలు మెల్లగా బ్రేకు మీద నుంచి లేచింది. అది దానంతటదే లేచింది, ఆయన లేపలేదు. మాస్టారు కిందికి చూసుకుని పసిపిల్లవాడిలా నవ్వారు.

"పది" అంది కూతురు. "అయిపోయింది నాన్నా! ఎక్కడెక్కడ తీసేయాలో చీటీ రాసిస్తావా?"

"నా చీటీలు ఇంకెప్పుడూ నమ్మకు" అన్నారు మాస్టారు. "అంతా ఉంచెయ్."

దిగబోయి, సగంలో ఆగిపోయారు. పది నిమిషాలు కొయ్యలా బిగదీసుకు కూర్చున్నందుకు నడుం కలుక్కుమంది. ఉత్త కలుక్కుమనడం కాదు, కళ్ల ముందు చుక్కలు కనిపించాయి. తలుపు పట్టుకుని, "అబ్బా" అన్నారు. "ఏమేవ్, నడుం పట్టేసింది. నిజంగా పట్టేసింది."

భార్య తన వైపు తలుపు తీసుకుని దిగింది. షాపుకి వేళయింది. సంచీ భుజాన వేసుకుంటూ వెనక్కి తిరిగి చూసింది.

"నేను నమ్మను" అంది.

మాస్టారు వంగిన మనిషి వంగినట్టే నిలబడి, నొప్పి కొద్దీ మూలుగుతూ, మధ్యమధ్యలో నవ్వు ఆపుకోలేకపోయారు.